ఉప్పు చట్టమూ, ఊరబావి కట్టడీ

గుడివాడ నుంచి బందరు పోయే రైలు దారిలో గుడ్లవల్లేరు ఒక స్టేషను. ఈ చుట్టుపక్కల బళ్ళలో స్వాతంత్ర్యోద్యమం పాఠం రాగానే పిల్లలకు బందరు కోనేరు సెంటరు గురించి చెబుతారు. 1930 మే 6న తోట నరసయ్య నాయుడు అక్కడ జెండా పట్టుకుని నిలబడ్డాడు. పోలీసులు చితకబాదినా స్పృహ తప్పేదాకా జెండా వదల్లేదు, తిరిగి చెయ్యెత్తలేదు. ఆ తెగువను మేము తక్కువ చెయ్యబోవడం లేదు. అయితే ఆ పోరాట పద్ధతి తెల్లదొర మీద నడిచినంతగా ఊరి పెత్తందారు మీద ఎందుకు నడవలేదన్నది మా ప్రశ్న.

సత్యాగ్రహానికి మూడు మెట్లున్నాయి. అన్యాయమైన కట్టడిని బాహాటంగా దాటడం. శిక్షకు సిద్ధపడడం. కొట్టేవాడి అధికారం మన లొంగుబాటు మీదే నిలబడిందని లోకానికి చూపడం. 1882 ఉప్పు చట్టంతో ఉప్పు సర్కారు గుత్తసొత్తయింది. కాబట్టి ఉప్పునీళ్ళు కాచి పిడికెడు ఉప్పు తీసినా సామ్రాజ్యాన్ని ధిక్కరించినట్టే. పట్టాభి సీతారామయ్య నాయకత్వాన బందరు తీరంలో జరిగిందిదే.

మరి నీళ్ళ సంగతేమిటి? 1927 మార్చి 20న మహద్‌లో అంబేద్కర్ వెంట వేలమంది దళితులు చవదార్ చెరువుకు నడిచి నీళ్ళు తాగారు. నాసిక్‌లో కాలారాం గుడి సత్యాగ్రహం 1930 మార్చి 2న మొదలైంది. గాంధీ దండి యాత్రకు బయల్దేరింది మార్చి 12న, అంటే పది రోజుల తర్వాత. మహద్ చెరువును మునిసిపాలిటీ 1924లోనే అందరికీ తెరిచింది. దళితులు ఏ చట్టాన్నీ దాటలేదు, చట్టం ఇచ్చిన హక్కునే వాడుకున్నారు. అయినా దెబ్బలు తిన్నారు. కొట్టినోళ్ళు సర్కారు పోలీసులు కారు, ఊళ్ళో సవర్ణులు.

తేడా అంతా ఇక్కడే ఉంది. ఉప్పు తీసినవాణ్ణి సర్కారు జైల్లో పెడుతుంది. ఊరబావి ముట్టినవాడికి శిక్ష వేసేది వాడికి పని పెట్టే ఆసామే. పాలేరుతనం పోతుంది, కూలి బందవుతుంది, గడ్డి కోసుకోడానికి కూడా గట్టు మీదికి రానివ్వరు. అహింస ఒకటే అయినా దానికి చెల్లించే మూల్యం అందరికీ ఒకటి కాదు.

ఈ మాట మన పెద్దలు ముందే గుర్తించారు. 1917 నవంబరులో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన పంచమ మహాసభ జరిగింది. 'ఆది ఆంధ్ర' అనే పేరు అక్కడే పెట్టుకున్నారు. ఆ సభకు పూనుకున్నవారిలో గుడివాడ సేవాశ్రమం నడిపిన గూడూరు రామచంద్రరావు ఒకరు. సభ జరిగిన రోజుల్లో కనకదుర్గ గుడి తలుపులు మూసేశారు. తెల్లదొరతనం వద్దన్న గరిమెళ్ళ పాటకు జవాబుగా కుసుమ ధర్మన్న రాసిన పాట పేరే 'మాకొద్దీ నల్లదొరతనము'.

నీళ్ళ తగువు 1947తో తీరలేదు. 1985 జూలైలో ప్రకాశం జిల్లా కారంచేడులో దళితులు మంచినీళ్ళు పట్టుకునే చెరువును మురికి చెయ్యొద్దన్నందుకే గొడవ మొదలైంది. కొట్టబోయిన వాళ్ళ మీదికి మున్నంగి సువార్త బిందె ఎత్తింది. జూలై 17న జరిగిన దాడిలో ఆరుగురు దళితులు హతమయ్యారు. మిగిలినోళ్ళు చీరాల చేరి శిబిరం వేసుకున్నారు, ఆ ఊరికి తిరిగి పోమన్నారు. తమ చాకిరీ మీద బతికిన ఊరికి ఆ చాకిరీ లేకుండా చేశారు. సహాయ నిరాకరణకు ఇంతకంటే సూటి ఉదాహరణ ఏముంటుంది?

విద్యార్థులకూ, ఉపాధ్యాయులకూ మా మనవి ఒకటే. కోనేరు సెంటరు పాఠం చెప్పిన రోజునే మీ ఊరి వాడలో పెద్దవాళ్ళ దగ్గర కూచోండి. ఊరబావిలో చేద వేసిన మొదటి మనిషి ఎవరో, ఆ మర్నాడు ఆ ఇంట్లో పొయ్యి వెలిగిందో లేదో అడిగి రాసుకోండి. అది కూడా స్వాతంత్ర్య చరిత్రే.