అడవి నిండా మందులు, ఊరికి దారి లేదు

మన కె. కోటపాడులో ఎవరికైనా అర్ధరాత్రి ఆయాసం వస్తే, ఏదో ఒక వాహనంపై అనకాపల్లి చేర్చగలము. దక్షిణ అమెరికాలో, పెరూ దేశంలో, అమెజాన్ నది ఒడ్డున ఉన్న ఇక్విటోస్ అనే రేవు పట్టణవాసులకు ఆ వీలు లేదు. చుట్టూ దట్టమైన వర్షారణ్యం. దేశంలోని ఇతర నగరాల నుండి రోడ్డు మార్గం లేదు. పడవలోనో విమానంలోనో వెళ్ళవలసినదే.

అచ్చటి బెలెన్ అంగడిలో వనమూలికలు విరివిగా అమ్ముతారు. ఒక చెట్టు నుండి కారే ఎర్రని పాలను గాయాలకు పూస్తారు. ఏటి ఒడ్డున పెరిగే కాముకాము పండ్ల రసం త్రాగుతారు. ఆ పండులో మన ఉసిరికాయలో కంటె అధికంగా 'సి' విటమిన్ కలదు.

ఇంతటి మూలికా సంపద ఉన్నప్పటికీ, 2020లో కోవిడ్ వ్యాపించినప్పుడు అక్కడ ఆక్సిజన్ కొరత ఏర్పడి అనేకులు ప్రాణాలు కోల్పోయారు. రాజధాని లిమా నుండి సిలిండర్లను విమానాలలో తెప్పించవలసి వచ్చినది.

జలుబుకు శొంఠి కషాయం, గొంతు నొప్పికి ఉప్పునీటి పుక్కిలింత ఇంట చేసుకొనదగినవే. కాని ఊపిరి ఆడకపోయినా, పెదవులు నీలిరంగుకు తిరిగినా, గుండెలో నొప్పి వచ్చినా కషాయం కాస్తూ కూర్చొనరాదు. వెంటనే 108కు ఫోన్ చేసి రోగిని ఆసుపత్రికి చేర్చవలెను. ఇక్విటోస్ వారికి లేని దారి మనకున్నది.