లిథియం కార్బొనేటు: ఉప్పుతో దాని చుట్టరికము

విశాఖపట్నమున జాలరిపేట ఇసుకలో చేపలు ఎండబెట్టువారికి ఉప్పు విలువ ఎవరును చెప్పనక్కరలేదు. అమ్ముడుపోని చేపను కడుపు చీల్చి, ఉప్పు రాచి, ఎండలో పరతురు. ఉప్పు చేపలోని నీటిని లాగివేయును. నీరు చాలనిచోట కుళ్ళు పుట్టించు సూక్ష్మజీవులు పెరుగజాలవు. ఈ ఉప్పులోని లోహము సోడియం. సముద్రపు నీటిలో సగటున లీటరుకు 10.8 గ్రాముల సోడియం ఉన్నది. అదే కుటుంబమునకు చెందిన లిథియమో, లీటరుకు 0.2 మిల్లీగ్రాము కూడ లేదు. పరిమాణమున ఇంత భేదమున్నను గుణములలో ఈ రెండును దగ్గర చుట్టములు. ఎంత దగ్గర అనగా, మన మూత్రపిండములు సైతము ఒకదానిని చూచి మరొకటి యని పొరబడును.

లిథియమును 1817లో స్వీడను దేశీయుడు ఆర్ఫ్‌వెడ్‌సన్ పెటలైటు అను ఖనిజములో కనుగొనెను. గ్రీకు భాషలో రాతిని తెలుపు మాటనుండి దానికి ఆ పేరు వచ్చినది. లోహములన్నిటిలో తేలికైనది ఇదే. సోడియం ముక్క కిరసనాయిలులో మునుగును. లిథియం ముక్క తేలును. దానిని సీసాలో భద్రపరచుట ప్రయోగశాలవారికి కొంత చిక్కే.

లిథియం కార్బొనేటు వాసన లేని తెల్లని పొడి. 723 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరగును. చూపునకు బట్టల సోడావలె ఉండునుగాని, నీటిలో వేసిన వెంటనే తేడా తెలియును. 20 డిగ్రీల వద్ద 100 గ్రాముల నీటిలో సోడియం కార్బొనేటు 20 గ్రాములకు పైగా కరగగా, లిథియం కార్బొనేటు 1.3 గ్రాములు మాత్రమే కరగును. మరియొక విశేషము: నీటిని కాచినకొలది పెక్కు లవణములు ఎక్కువగా కరగును, ఇది తక్కువగా కరగును. నూరు డిగ్రీల వద్ద 0.7 గ్రాము మాత్రమే. చల్లని నీటిలో సంతృప్త ద్రావణము చేసి, వడకట్టి, పరీక్షనాళికలో కాచినచో తేటగా నున్న నీరు మసకబారును. తరగతిలో చూపదగిన ప్రయోగమే, కాని పొడిని ఎవరును రుచి చూడరాదు. ప్లాటినం తీగను హైడ్రోక్లోరికామ్లములో ముంచి, ఈ పొడి అద్ది, మంటలో ఉంచినచో కెంపురంగు కనబడును. ఉప్పుచేయి తగిలిన తీగ పనికిరాదు. సోడియపు పసుపు వెలుగు ఆ ఎరుపును కప్పివేయును.

వేడినీటిలో తక్కువగా కరుగు ఈ గుణమే పరిశ్రమకు ఆధారము. దక్షిణ అమెరికాలో చిలీ దేశపు అటకామా ఎడారిలో భూమి అడుగున లిథియం గల ఉప్పునీరు ఉన్నది. దానిని పైకి తోడి, మన నౌపడ ఉప్పుమళ్ళలో వలెనే, విశాలమైన మడులలో నెలల తరబడి ఎండకు వదలుదురు. ముందుగా సోడియం, పొటాసియం లవణములు పేరుకొనును. మిగిలిన చిక్కని నీటిని శుద్ధిచేసి, వేడిచేసి, సోడియం కార్బొనేటు కలిపినచో లిథియం కార్బొనేటు అవక్షేపమై అడుగున దిగును. ఆస్ట్రేలియాలో స్పోడుమీను అను రాతినుండి లిథియమును తీయుదురు.

ఈ పొడి గాజు, పింగాణి పరిశ్రమలలో ముడిపదార్థములు త్వరగా కరగుటకు తోడ్పడును. సెల్‌ఫోనులలోని బ్యాటరీలకు కావలసిన లిథియం సమ్మేళనములు చేయుటకు నేడు దీనిని విస్తారముగా వాడుచున్నారు. ఆ సంగతి అందరును ఎరిగినదే. అంతగా తెలియనిది దీని వైద్యోపయోగము.

1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్, ఉన్మాదముతో బాధపడు పదిమంది రోగులకు లిథియం లవణములిచ్చి గుణము కనుగొన్నట్లు ప్రకటించెను. అదే సంవత్సరమున అమెరికాలో ఇంకొక కథ నడచినది. ఉప్పు మానవలసిన హృద్రోగులకు, రుచికొరకు, ఉప్పునకు మారుగా లిథియం క్లోరైడును అమ్మిరి. కొందరు విషలక్షణములతో మరణించిరి. ఆ సరుకును అంగళ్ళనుండి తొలగించిరి. ఒకచోట మందైనది వేరొకచోట విషమేల అయ్యెను?

సమాధానము మూత్రపిండములలో ఉన్నది. అవి రక్తమును వడపోసి, దేహమునకు కావలసిన సోడియమును తిరిగి పీల్చుకొనును. వడపోతలో వచ్చిన లిథియమును కూడ అధికభాగము ఆ దారినే వెనుకకు తెచ్చును. దేహములో సోడియం తగ్గినప్పుడు అవి మరింత ఆత్రముగా పీల్చుకొనును. దానితోపాటు లిథియమును కూడ చేర్చుకొనును. అమెరికా రోగులు ఉప్పు మానినవారు. వారు లిథియమును కొలతలేక తినిరి, తిన్నది బయటకు పోలేదు.

డెన్మార్కులో మోగెన్స్ షూ 1954లో నియమబద్ధమైన పరీక్షలు ప్రకటించిన పిదప, రక్తములోని లిథియమును కొలుచుచు మందిచ్చు పద్ధతి స్థిరపడెను. అమెరికా ప్రభుత్వము 1970లో అనుమతించెను. ఉన్మాదము, విషాదము మార్చి మార్చి వచ్చు వ్యాధికి ఇది నేటికిని ముఖ్యమైన మందే. సాధారణముగా ఒక్క మాత్రలో 300 మిల్లీగ్రాముల లిథియం కార్బొనేటు ఉండును. అందులో లిథియం సుమారు 56 మిల్లీగ్రాములు. అంత లిథియం సముద్రమునుండి రావలెనన్న 330 లీటర్ల నీరు కావలెను. రక్తద్రవమున లీటరుకు 0.6 మొదలు 1 మిల్లీమోలు వరకు ఉన్నచో మేలు, 1.5 దాటినచో ప్రమాదము. మేలునకు కీడునకు మధ్య ఇంత ఇరుకు సందు గల మందులు తక్కువ.

జాలరిపేటకు దూరము కాని చినవాల్తేరులోనే ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నది. పేటలో ఒకడు ఈ మందు వాడుచున్నాడనుకొందము. ఎండలో వేటకు పోయి, వల లాగి, చెమటతో నీటిని, సోడియమును కోల్పోవును. కొంత లిథియం కూడ చెమటతో పోవునుగాని, నీటి కొరత తీరకున్నచో మూత్రపిండములు మిగిలినదానిని పట్టి ఉంచును. వాంతులు, విరేచనములు పట్టుకొన్నచో మరింత ముప్పు. రక్తపు పోటున్నదని ఇంకొక వైద్యుడు ఉప్పుచేప మానుమన్నాడు. ఇతడు ఒక్కసారిగా మానివేసెను. మాత్ర మారలేదు, రక్తములో లిథియం మాత్రము పెరిగెను. చేతులు బలముగా వణకుట, వాంతులు, నడక తూలుట, మాట తడబడుట, మగత దాని గుర్తులు. చూచినవారు త్రాగినాడనుకొని వదలివేసిన ప్రాణమునకే ముప్పు. అతనిని వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

కనుక ఈ మందు వాడువారు ఉప్పును హఠాత్తుగా తగ్గింపరాదు, పెంచనురాదు. నీరు బాగుగా త్రాగవలెను. తమంతట తామే మాత్రలు మానుట కూడ తగదు, వ్యాధి తిరుగబెట్టును. రక్తపరీక్షకు చివరి మోతాదు వేసికొన్న 12 గంటలకు రక్తమిత్తురు. అంతకుముందే ఇచ్చినచో లెక్క హెచ్చుగా కనబడును. ఒంటినొప్పులకు అంగడిలో కొను ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు, రక్తపు పోటునకిచ్చు కొన్ని మూత్రకారక ఔషధములు కూడ లిథియమును రక్తములో నిలిపివేయును. అందుచేత ఏ వైద్యుని వద్దకు పోయినను, మందుల అంగడికి పోయినను, లిథియం వాడుచున్న సంగతి ముందుగా చెప్పవలెను.