రాజీసొమ్ముతో న్యాయము చేకూరునా?

వ్యాపారమున పోటీని అణచివేసిరని పెద్ద సంస్థలపై దావా వచ్చినప్పుడు, తీర్పు వఱకు పోక సొమ్మిచ్చి రాజీపడుట పరిపాటి. ఇందువలన నష్టపడినవారికి న్యాయము చేకూరునా? అమెరికా పాడిరైతుల వ్యాజ్యమొకటి మన సభ్యులెల్లరు తెలిసికొనదగినది. ఏలయన, అందు ప్రతివాదులలో నొకటి సహకార సంఘమే.

1998లో నాలుగు సంఘములు కలిసి డెయిరీ ఫార్మర్స్ ఆఫ్ అమెరికా యను మహాసంఘ మేర్పడెను. ఈ సంఘమును, డీన్ ఫుడ్స్ అను పాల కంపెనీయును కుమ్మక్కై ఈశాన్య రాష్ట్రములలో రైతుకిచ్చు పాలధరను అణచినవని 2009లో వెర్మాంటు రాష్ట్రపు ఫెడరల్ న్యాయస్థానమున దావా పడెను. ప్రతివాదులు తప్పు నొప్పుకొనలేదు. డీన్ ఫుడ్స్ 3 కోట్ల డాలర్లకు రాజీపడెను. తరువాత సంఘము 5 కోట్ల డాలర్ల కొప్పుకొనగా, 2015లో న్యాయాధిపతి ఆ రాజీని త్రోసిపుచ్చిరి. వాదులుగా నిలిచిన రైతులలోనే కొందరు దాని నెదిరించిరి; సొమ్ము పంచినంతమాత్రమున పద్ధతులు మారవని వారి మొఱ. 2016లో సొమ్ము అంతే యుండెను గాని షరతులు పెరిగెను: సభ్యుడు సులభముగా సంఘమును వీడవచ్చును, రైతుల ఫిర్యాదులు వినుట కొక స్వతంత్ర వ్యక్తి యుండవలెను. అప్పుడు గాని ఆమోదము లభింపలేదు.

ఇందొక చిక్కు గలదు. పరిహారము పొందిన రైతులలో ఆ సంఘ సభ్యులును గలరు. సంఘనిధి సభ్యులదే కదా! ఒక జేబులోనిది తీసి మరియొక జేబులో వేసికొన్నట్లాయెను. నడుమ న్యాయవాదుల రుసుము తరిగెను. పిమ్మట 2019లో డీన్ ఫుడ్స్ దివాలా తీయగా, 2020లో దాని కర్మాగారములలో పెక్కింటిని ఈ సంఘమే కొనెను. సొమ్ము చేతులు మారెనే గాని, బజారులో బలము మరింత ఒకచోటనే కూడెను.

అయినను రాజీ వ్యర్థమనరాదు. విచారణ ఏండ్ల తరబడి సాగును. ఓడినచో చేతికేమియు రాదు. అప్పులలోనున్న రైతునకు నేడు వచ్చు సొమ్మే ఆధారము. కావున రాజీని సొమ్ముతో మాత్రమే తూచక, తప్పుడు పద్ధతి ఆగునా, లెక్కలు బయటపడునా యని చూడవలెను. మన దేశమునను 2002 నాటి పోటీ చట్టమును 2023లో సవరించి కొన్ని వ్యవహారములలో రాజీకి చోటిచ్చిరి; ధరలు కూడబలుకుకొను కుమ్మక్కులకు మాత్రము ఆ దారి లేదు. ఇది మేలైన హద్దు.

సభ్యులారా! సర్వసభ్య సమావేశమునకు హాజరై లెక్కలడుగుడు. నేడడిగిన ప్రశ్న రేపటి వ్యాజ్యమును తప్పించును.