నగరపు దాహము

పంచాయతి సభ్యులు తమ గ్రామపు చెరువు లెక్క ఎరుగుదురు. ఏ వానకు ఎంత నిండునో, ఏ నెలకు అడుగంటునో వారికి తెలియును. మహానగరము అట్టి లెక్క చూచుకొనదు. నీరు చాలనప్పుడు మరియొక నదివైపు చూచును. హైదరాబాదు ఇందుకు నిదర్శనము.

1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలాది ప్రాణములను హరించెను. అటుపిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సూచనల ననుసరించి ఎగువను రెండు జలాశయములు నిర్మింపబడినవి. మూసీపై ఉస్మాన్‌సాగరు 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియైనవి. వరదను నిలుపుటకు కట్టిన ఆ జలాశయములే నగరమునకు త్రాగునీరిచ్చినవి. ఉస్మాన్‌సాగరు మిట్టన నుండుటచే నీరు తనంతట పల్లమునకు పారెడిది.

జనము పెరుగగా 1965లో మంజీర నీరు, ఆ తరువాత సింగూరు నీరు వచ్చెను. 2004లో సుమారు 116 కిలోమీటర్ల నుండి కృష్ణ, 2015లో సుమారు 186 కిలోమీటర్ల నుండి గోదావరి వచ్చినవి. దూరమొక్కటియే కాదు. నాగార్జునసాగరు నిండు మట్టము 590 అడుగులు. నగరము సుమారు 1,780 అడుగుల ఎత్తున నున్నది. అనగా కృష్ణనుండి వచ్చు ప్రతి బిందెడు నీటిని వేయి అడుగులకు పైగా విద్యుచ్ఛక్తితో ఎత్తవలయును. గోదావరి నీటికి ఎత్తు ఇంకను హెచ్చు.

అట్లు తెచ్చు నీటికి ముందే హక్కుదారులుందురు. మంజీరపై దిగువను 1931 నాటి నిజాంసాగరు క్రింద వరి, చెరకు పండించు రైతులున్నారు. ఎగువ సింగూరునుండి నీరు నగరమునకు మళ్లుచుండగా, వానలు తప్పిన యేండ్ల వారి కాలువలకు కొరత యేర్పడెను.

చెంతనున్న నీటిని చెరచుకొనినకొలది దూరపు నీరు కావలసివచ్చును. ఈ కారణముననే రెండు జలాశయముల చుట్టును 10 కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామములందు పెద్ద కట్టడములను, కాలుష్యము కలిగించు పరిశ్రమలను నిషేధించుచు 1996లో 111వ ఉత్తరువు వెలువడెను. తమ భూములకు ధర రాలేదని రైతులు బాధపడిరి. అది తోసివేయదగిన మాట కాదు. 2022లో 69వ ఉత్తరువు ద్వారా ఆ నిర్బంధములు తొలగింపబడినవి.

కావున నగరమునకు చేరువనున్న ఏ పంచాయతి ముందునకైనను లేఅవుటు దరఖాస్తు వచ్చినప్పుడు, గ్రామ నక్షాను ప్రక్కన నుంచుకొని పరిశీలింపుడు. వాగు, కుంట, చెరువు శిఖము ప్లాట్లుగా గీయబడినవేమో చూడుడు. కాంక్రీటు పరచిన నేలలో వాన ఇంకదు. బోర్లు ఎండును, నీరంతయు ఒక్కుమ్మడిగా పల్లమునకు దూకును. 2020 అక్టోబరు వానలకు హైదరాబాదులో మునిగిన కాలనీలలో కొన్ని పూర్వము చెరువు శిఖములే. వేసవిలో ఎండిన వాగును చూపి, ఇది వాగు కాదని దరఖాస్తుదారు చెప్పవచ్చును. అప్పుడు నక్షాలోని గీతనే ప్రమాణముగా గైకొనుడు.