రెండు బస్సులు, ఒక ఉరికంబం

మరణశిక్షను చట్టం నుంచి తొలగించాలా వద్దా అన్న ప్రశ్న దక్షిణాదికి కొత్తది కాదు. రాజపాళయం, మంసాపురం ప్రాంతాల తెలుగువారికి పొద్దు గుంకే దిక్కున కనిపించే కనుమలకు అవతల, తిరువాన్కూరు సంస్థానం 1944లోనే ఉరిశిక్షను రద్దు చేసింది. ఆనాడు ఆ సంస్థానపు ఎల్ల కొండల దగ్గర ఆగక ఇవతలి సెంగోట దాకా సాగేది కనుక, మంసాపురం నుంచి ఒక పూట ప్రయాణం చేస్తే హంతకుడికి ఉరి లేని సీమలో అడుగుపెట్టినట్టే. సంస్థానం భారతదేశంలో కలిసి, నేరాలనూ వాటికి తగిన శిక్షలనూ నిర్వచించే 1860 నాటి భారత శిక్షాస్మృతి అక్కడికీ విస్తరించడంతో ఆ రద్దు కాస్తా రద్దయిపోయింది. 1956లో సెంగోట మద్రాసు రాష్ట్రంలో చేరేనాటికి అక్కడ అలాంటి చట్టం ఒకటి ఉండేదన్న సంగతి కూడా చాలామందికి గుర్తు లేదేమో.

ఇంట్లో తెలుగు, కచేరీలో తమిళంగా బతుకుతున్న ఈ ప్రాంతపు తెలుగువారికి ఉరిశిక్ష మీద ఆంధ్రప్రదేశ్, తమిళనాడు రెండు రాష్ట్రాల్లో సాగిన వాదమూ దగ్గరిదే. ఆ వాదానికి గీటురాళ్ళుగా నిలిచిన కేసులు అటొకటి, ఇటొకటి ఉన్నాయి. రెండూ తగలబడిన బస్సులకు సంబంధించినవే.

ముందుగా చట్టం నడిచిన దారి చూడాలి. 1955 దాకా హత్యకు ఉరి వేయడం మామూలు. ఉరి వేయకపోతేనే న్యాయమూర్తి కారణం రాయవలసి వచ్చేది. 1955లో ఆ నిబంధన పోయింది. 1973 నాటి నేర విచారణ స్మృతి వ్యవహారాన్ని పూర్తిగా తిరగేసి, ఉరి వేయాలంటే ప్రత్యేక కారణాలు చూపాలని చెప్పింది. ఈ మలుపులో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఈడిగ అనమ్మ కేసుకు ప్రత్యేక స్థానం ఉంది. అత్తింటి నుంచి గెంటివేతకు గురై, ఒక స్త్రీనీ ఒక బిడ్డనూ చంపిన నేరం రుజువైన ఆ యువతికి పడ్డ ఉరిని 1974లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ యావజ్జీవ శిక్షగా మార్చారు. నేరం ఎంత ఘోరమైనదని చూసినట్టే నేరస్థురాలు ఎలాంటి బతుకు బతికిందో కూడా చూడాలన్న ఆలోచన ఆ తీర్పుతో బలపడింది. 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం నలుగురు ఒకవైపు, ఒకరు మరొకవైపుగా చీలి, మరణశిక్ష రాజ్యాంగబద్ధమేననీ, అయితే అరుదైన వాటిలోకెల్లా అరుదైన సందర్భంలోనే దానిని విధించాలనీ తేల్చింది. విభేదించిన జస్టిస్ పి.ఎన్. భగవతి, ఈ శిక్ష ఎవరికి పడుతుందో ఎవరికి తప్పిపోతుందో చెప్పగల కొలమానమేదీ లేదన్నారు. ఆయన మాటను కాదనగల ఆధారం ఆ తరువాతి దశాబ్దాల్లో పెద్దగా దొరకలేదు.

తెలుగునాట ఉరికి వ్యతిరేకంగా లేచిన గొంతులు తొలినాళ్ళలో రాజకీయ ఖైదీల కోసం లేచినవే. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో ప్రత్యేక ట్రిబ్యునళ్ళు మరణశిక్ష వేసిన పన్నెండుమంది కోసం బ్రిటిష్ న్యాయవాది డి.ఎన్. ప్రిట్ వచ్చి వాదించారు. ఉద్యమం విదేశాలకు కూడా పాకింది. చివరకు ఆ పన్నెండుగురూ ఉరికంబం ఎక్కకుండా బయటపడ్డారు. ఆదిలాబాద్ నక్సలైట్లు కిష్టాగౌడ్, భూమయ్యలకు మాత్రం అంతటి అదృష్టం పట్టలేదు. దేశదేశాల మేధావులు విజ్ఞప్తులు పంపినా, ఆఖరి గడియలో ఉరి ఒకసారి ఆగినా, అత్యవసర పరిస్థితి నీడలో 1975 డిసెంబర్ 1న ముషీరాబాద్ జైలులో వారిని ఉరి తీశారు. తెలుగు పౌరహక్కుల ఉద్యమం ఆ అనుభవంలో రాటుదేలింది. అయితే ఈ రెండు సందర్భాల్లోనూ ఖైదీలను వీరులుగా చూసినవారు వేలల్లో ఉన్నారు. ప్రజలు మెచ్చే మనిషిని ఉరి నుంచి కాపాడమనడానికి మరణశిక్షను సూత్రంగా వ్యతిరేకించవలసిన పని లేదు.

అసలు పరీక్ష చిలకలూరిపేట దగ్గర ఎదురైంది. 1993 మార్చి 8న, గుంటూరు జిల్లాలో, ప్రయాణికులను బెదిరించి దోచుకోవాలని పెట్రోలుతో ఆర్టీసీ బస్సెక్కిన ఇద్దరు యువకుల చేతుల్లో ఆ బస్సు తగలబడి 23 మంది చనిపోయారు. వారు దళితులు, పేదవారు; వారి వెనుక సిద్ధాంతం లేదు, జెండా లేదు, వారిని మెచ్చేవారూ లేరు. కాలిన గాయాలతో ఉన్న ప్రయాణికుల నుంచి మేజిస్ట్రేట్ వాంగ్మూలాలు తీసుకున్నారు. చనిపోయినవారి మాట మరణ వాంగ్మూలంగా, అంటే మరణానికి కారణమేమిటో చెప్పిన మాటగా, సాక్ష్యానికి పనికివస్తుంది. బతికి బయటపడినవారి మాటకు ఆ హోదా ఉండదు. ఘటనకూ మాటకూ నడుమ వ్యవధి వస్తే ఆ మాటను ఘటనలో భాగంగా తీసుకోరాదని సుప్రీంకోర్టు ఈ కేసులోనే చెప్పింది కాబట్టి, న్యాయశాస్త్ర విద్యార్థులు ఇప్పటికీ దీనిని సాక్ష్య చట్టం పాఠంలో చదువుకుంటారు. అంత నిశితంగా సాక్ష్యాన్ని తూచిన కోర్టే 1996లో ఉరిని ఖాయం చేసింది.

అప్పటి రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ క్షమాభిక్ష నిరాకరించారు. క్షమాభిక్ష అంటే కోర్టులన్నీ తీర్పు చెప్పేశాక శిక్షను తగ్గించడానికో తీసివేయడానికో రాజ్యాంగం 72వ అధికరణం కింద రాష్ట్రపతికీ, 161వ అధికరణం కింద గవర్నర్‌కూ ఇచ్చిన అధికారం. 1997 మార్చి 29 తెల్లవారుజామున ఉరికి ముహూర్తం పెట్టాక, పౌరహక్కుల కార్యకర్తల ప్రయత్నంతో ముందురోజు రాత్రి సుప్రీంకోర్టు దానిని ఆపింది. ఆ స్టే తరువాత తొలగిపోయినా ప్రచారం ఆగలేదు. మహాశ్వేతాదేవి వంటి రచయితలు తోడు నిలిచారు. కొత్తగా వచ్చిన రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్‌కు మరో అర్జీ వెళ్ళింది. 1998లో ఆయన శిక్షను యావజ్జీవానికి మార్చారు. ఇరవై ముగ్గురి కుటుంబాల దుఃఖాన్ని ఎదుట పెట్టుకుని, నేరాన్ని ఏ మాత్రం తక్కువ చేయకుండా, అయినా రాజ్యం మనిషిని చంపరాదని అనగలగడం తెలుగు సమాజంలో ఈ ఉద్యమం సాధించిన పెద్ద మెట్టు. చంపినవాళ్ళ మీద ఇంత జాలా అని ఆనాడు అడిగినవారి కోపాన్ని తప్పుపట్టలేం. ఆ ప్రశ్నకు తడబడకుండా బదులు చెప్పవలసి వచ్చినందువల్లనే వాదం పదునెక్కింది.

తమిళనాడు బస్సు కథ వేరు. 2000 ఫిబ్రవరి 2న, కొడైకెనాల్ హోటల్ కేసులో జయలలితకు శిక్ష పడిందన్న ఆగ్రహంతో ధర్మపురి దగ్గర అన్నాడీఎంకే కార్యకర్తలు కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం బస్సుకు నిప్పుపెట్టగా ముగ్గురు విద్యార్థినులు సజీవదహనమయ్యారు. ముగ్గురు దోషులకు పడిన ఉరిని 2010లో సుప్రీంకోర్టు సమర్థించింది. అయితే ఉరి కేసుల్లో పునఃసమీక్ష పిటిషన్‌ను, అంటే తన తీర్పునే మరోసారి చూడమని కోర్టుకు పెట్టుకునే అర్జీని, బహిరంగంగా వాదనలు విని తేల్చాలన్న నియమం 2014లో వచ్చింది. దాని ఆసరాతో 2016లో అదే కోర్టు, గుంపు ఆవేశంలో జరిగినదే గాని ముందుగా పన్నినది కాదంటూ శిక్షను యావజ్జీవంగా మార్చింది. 2018లో, ఎంజీఆర్ శతజయంతి సందర్భపు విడుదలల్లో, ఆ ముగ్గురూ బయటికి వచ్చేశారు. చిలకలూరిపేట దోషులు రాష్ట్రపతి దయతో బతికారు, ధర్మపురి దోషులు కోర్టు పునరాలోచనతో బతికారు. అధికార పక్షంవారైనందువల్ల రెండో జట్టుకు విడుదల సులువైందా అన్న అనుమానం పోదు. నిజానికి మరణశిక్ష రద్దుకు పెద్ద దెబ్బ ఇలాంటి విడుదలలే, ఎందుకంటే యావజ్జీవం అంటే నిజంగా యావజ్జీవమేనన్న నమ్మకం లేనిచోట జనం ఉరినే అడుగుతారు.

రాజీవ్ గాంధీ హత్య కేసులో ముగ్గురికి 2011 సెప్టెంబర్ 9న ఉరి అని తేదీ పడినప్పుడు తమిళనాడు అట్టుడికింది. మద్రాసు హైకోర్టు ఉరిని ఆపిన ఆగస్టు 30ననే శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. క్షమాభిక్ష అర్జీని ఏళ్ళ తరబడి నాన్చడమే శిక్ష తగ్గించడానికి తగిన కారణమని 2014 జనవరిలో తేల్చిన సుప్రీంకోర్టు, ఫిబ్రవరిలో ఈ ముగ్గురికీ అదే వర్తింపజేసింది. కానీ 2011 నాటి తీర్మానం ఆ ముగ్గురి గురించే గాని మరణశిక్ష గురించి కాదు. మనవాడనుకున్నవాడికి క్షమ కోరడం వేరు, ఎవడికైనా సరే ఉరి వద్దనడం వేరు. త్రిపుర శాసనసభ 2015లో చేసినది ఆ రెండో పని.

తెలుగు రాష్ట్రాల్లో ఇటీవలి గాలి ఎదురు దిక్కున వీస్తోంది. 2019 నవంబర్‌లో హైదరాబాద్ శివార్లలో ఒక పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య జరిగాక, నిందితులు నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోతే వీధుల్లో పోలీసులపై పూలు చల్లారు. ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ డిసెంబర్‌లోనే అత్యాచారానికి మరణశిక్ష చెప్పే దిశ బిల్లును ఆమోదించింది. కులం కోసం కూతురి భర్తను చంపించే కేసుల్లో రద్దువాదులకు ఇంకా ఇబ్బంది: ఇన్నాళ్ళూ ఏ శిక్షా పడని పెద్దలకు ఉరి పడితే, దళిత కుటుంబానికి అది రాజ్యం తమ ప్రాణానికి విలువ కట్టిన తొలి సందర్భంలా కనిపిస్తుంది. ఆ భావనను తోసిపుచ్చి వాదించడం అన్యాయం. అయితే ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం దేశంలో ఉరిశిక్ష పడిన ఖైదీల్లో దాదాపు మూడొంతులమంది ఆర్థికంగా బలహీనులే. మంచి వకీలును పెట్టుకోగలిగినవాడు ఉరికంబం దాకా వెళ్ళడం ఇక్కడ అరుదు. జస్టిస్ ఎ.పి. షా నేతృత్వంలోని లా కమిషన్ 2015లో, ఉగ్రవాదం, దేశంపై యుద్ధం వంటి నేరాలకు తప్ప మిగతా వాటికి మరణశిక్ష తొలగించాలని సిఫారసు చేసింది. ప్రభుత్వం దానిని పక్కన పెట్టింది. ఐక్యరాజ్యసమితిలో ఉరిని నిలిపివేయమనే తీర్మానాలకు భారత్ 2007 నుంచీ వ్యతిరేకంగానే ఓటేస్తోంది.

2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత క్షమాభిక్ష అర్జీలకు గడువులు పెట్టింది. కోర్టు దారులు మూసుకుపోయాయని జైలు అధికారి తెలియజేసిన 30 రోజుల్లో అర్జీ పెట్టాలి, గవర్నర్ కాదంటే 60 రోజుల్లో రాష్ట్రపతికి వెళ్ళాలి. నిర్ణయం ఎలా తీసుకున్నారని ఏ కోర్టూ విచారించరాదని కూడా ఆ చట్టం అంటోంది. ఏళ్ళ తరబడి నాన్చే అన్యాయం దీనితో తగ్గవచ్చు గాని, కాదన్న రాష్ట్రపతి తరువాత మరొకరు ఔననడానికి చిలకలూరిపేట కేసులో దొరికిన వ్యవధి ఈ లెక్కలో ఎక్కడా కనిపించదు. క్షమాభిక్ష నిర్ణయాలను పరిమితంగానైనా కోర్టులు పరిశీలించవచ్చని 2006లో సుప్రీంకోర్టు స్పష్టం చేసినది ఆంధ్రప్రదేశ్ కేసులోనే. అధికార పక్షానికి చెందిన ఒక దోషికి గవర్నర్ ఇచ్చిన శిక్ష మినహాయింపును, హతుడి కొడుకు సవాలు చేయగా, అప్పుడు కొట్టివేశారు. పక్షపాతంతో ఇచ్చిన దయను వెనక్కి లాగిన ఆ సూత్రమే, అన్యాయంగా నిరాకరించిన దయను తిరిగి అడగడానికి ఉరి ఖైదీలకు ఇంతకాలం ఆధారమైంది. కొత్త సంహితలోని నిషేధం దాని ముందు నిలుస్తుందో లేదో రాజ్యాంగ న్యాయస్థానాలే తేల్చాలి.