పట్టి వదిలేసే చేప ఖరీదు

2009లో మధ్య అమెరికాలోని బెలీజ్ ఒక చట్టం చేసింది. బోన్‌ఫిష్, టార్పన్, పర్మిట్ అనే మూడు రకాల చేపలు గాలానికి పడితే చంపకూడదు, తిరిగి నీళ్లలో వదిలేయాలి. దీనికి చట్టం దాకా ఎందుకు వెళ్లారో బహమాస్ దీవుల లెక్క చూస్తే తెలుస్తుంది. తీరంలోని లోతులేని నీళ్లలో సరదాగా గాలం వేయడానికి వచ్చేవాళ్ల వల్ల ఆ చిన్న దేశానికి ఏడాదికి దాదాపు 14 కోట్ల డాలర్లు సమకూరుతున్నాయని 2010లో వెలువడిన అధ్యయనం తేల్చింది. చచ్చిన చేప అంగట్లో ఒక్కసారే తూకానికి పోతుంది. నీళ్లలో తిరిగే చేప కోసం మనుషులు ఏటా వస్తారు. పడవకు, గైడుకు, బసకు, భోజనానికి ఖర్చు పెడతారు.

మన బళ్లారి నుంచి కార్వార్ తీరానికి గీత గీసి కొలిచినా 300 కిలోమీటర్లు ఉంటుంది. అయినా ఈ లెక్క మనకు కావాలి. జిల్లా అంచున తుంగభద్ర ఉంది, అందులో పుట్టి నడిపే చేతులున్నాయి. నది చేపల్ని చూపించి బతకొచ్చన్న ఆలోచన ఎవరికో ఒకరికి వస్తుంది. అప్పటికి ఈ వేట లోపలి కొలతలు తెలిసి ఉండాలి.

సముద్ర తీరంలో ఈ వేట సాగే నీళ్లు మోకాలి నుంచి నడుము దాకా ఉంటాయి. ఇంజను మోగితే చేప పారిపోతుంది కాబట్టి గైడు పడవ వెనక ఎత్తు మీద నిలబడి పొడవాటి గెడతో నెడతాడు. పడవ ముక్కు గడియారంలో పన్నెండు అనుకుని, ‘పదకొండు వైపు, నలభై అడుగులు’ అని కేక వేస్తాడు. ముందున్న మనిషి అక్కడికే ఎర విసరాలి. ఆ ఎర ఈకలతో, దారాలతో కట్టింది, బరువే ఉండదు. అంత దూరం దాన్ని మోసుకుపోయేది గాలం తాడు బరువే. గాలం కర్రలకూ నంబర్లున్నాయి: బోన్‌ఫిష్‌కు సాధారణంగా ఎనిమిది, పెద్ద టార్పన్‌కు పదకొండో పన్నెండో. అయితే ఎంత మంచి కర్ర కొన్నా, తళతళలాడే నీళ్లలో నీడలాంటి చేపను గుర్తుపట్టే గైడు కన్ను లేకపోతే ఆ రోజు వృథా. వచ్చినవాళ్లు డబ్బిచ్చేది ఆ కంటికే.

వదిలేశాం కదా, చేప బతికినట్టేనా? బహమాస్‌లోని ఎలూతెరా దీవి దగ్గర బోన్‌ఫిష్‌ను వెంబడించి చూసిన శాస్త్రవేత్తలు 2007లో దీనికి జవాబిచ్చారు. అలసి, నిటారుగా నిలవలేక పక్కకు ఒరిగిన స్థితిలో వదిలిన చేప, వేటాడే చేపల నోట పడే ప్రమాదం ఆరు రెట్లకు పైగా ఎక్కువ. అందుకే ఫొటో కోసం చేపను పైకెత్తినా పది సెకన్లు దాటకూడదని నిపుణులు అంటారు. చేప మొప్పలు గాలిలో పనిచేయవు, అప్పటికే అది ప్రాణం పెట్టి పెనుగులాడి ఉంటుంది.

మన దగ్గర ఇంకో చిక్కు ఎండ. 20 డిగ్రీల మంచినీళ్లు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలవు. 30 డిగ్రీలకు అది ఏడున్నరకు దిగుతుంది. నీళ్లు వేడెక్కే కొద్దీ చేపకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది, దొరికేది తగ్గుతుంది. గాలి 40 డిగ్రీలు దాటే బళ్లారి ఎండల్లో, బండల మధ్య మడుగులుగా మిగిలిన నదిలో చేపను ఆడించి వదలడం దాన్ని చంపడంతో సమానం కావచ్చు. జలాశయంలో చూస్తే 1953లో 133 టీఎంసీలు పట్టిన తుంగభద్ర డ్యాము పూడిక వల్ల ఇప్పుడు 106 టీఎంసీల లోపే పడుతోంది. అయిదో వంతు చోటు మట్టి పాలైంది. లోతు పోయిన చోట చేప చల్లదనం వెతుక్కుని ఎక్కడికి పోతుంది?

డ్యాముకు దిగువన ముద్లాపుర నుంచి మన కంప్లి దాకా 34 కిలోమీటర్ల నదిని 2015లో నీటికుక్కల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. ఇక్కడ ఎవరు గాలం వేయాలన్నా ముందు అటవీశాఖ గడప తొక్కాలి. చేపల్ని మందుగుండుతో, విషంతో చంపడం నేరమని 1897 నాటి చట్టమే చెప్పింది. మందు పేలితే చేపపిల్లలతో పాటు నీటికుక్క తిండీ పోతుంది. అలాంటివాళ్లను పట్టుకోవాలంటే నది మీద రోజూ తిరిగే మనిషి ఉండాలి. గైడు వృత్తికి నేను ఇంత విలువ ఇవ్వడానికి మొదటి కారణం ఇదే.

రెండో కారణం కావేరి నేర్పింది. అక్కడి శిబిరాల్లో మహసీర్ చేపను పట్టి వదిలేవారు. ఒకప్పటి దొంగవేటగాళ్లే గైడులుగా, కాపలాదార్లుగా మారారు. గాలిబోరె శిబిరంలో 1998 నుంచి 2012 దాకా పడ్డ ప్రతి చేపనూ రాసిపెట్టారు. 23,620 గంటల వేటలో 6,161 మహసీర్లు, అంటే నాలుగు గంటలకు కాస్త ముందుగా ఒక చేప. అన్నిటికంటే పెద్దది 104 పౌండ్లు, సుమారు 47 కిలోలు. ఏళ్లు గడిచే కొద్దీ గంటకు పడే చేపల సంఖ్య పెరిగింది. సంబరపడాల్సిన విషయమే, కానీ అదే పుస్తకంలో తూకం కాలమ్ కూడా ఉంది. సగటు బరువు తగ్గుతూ వచ్చింది.

కారణం తవ్వితే జాతే మారిపోయిందని బయటపడింది. హేచరీల్లో పొదిగించి కావేరిలో వదిలిన నీలిరెక్కల మహసీర్ విస్తరించి, కావేరికే సొంతమైన మూపురం మహసీర్‌ను పక్కకు నెట్టేసింది. సొంత చేపకు ఆ నదిలో తప్ప ఇంకెక్కడా దిక్కు లేదు. అది అంతరించే అంచున ఉందని 2018లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య ప్రకటించింది. మంచి ఉద్దేశంతో చేపపిల్లల్ని వదిలినవాళ్లకు ఇలా అవుతుందని ముందుగా తెలియదు. తూకం, జాతి రాసి ఉండకపోతే, చేపలు పెరిగాయన్న సంతోషంలోనే ఒక జాతి మాయమైపోయేది. శిబిరాలున్న అభయారణ్యంలో గాలం కూడదని 2012లో ఆపేశాక ఆ రాత కూడా ఆగింది.

కాబట్టి తుంగభద్రలో ఎవరైనా ఈ పని మొదలుపెడితే, కర్రలు కొనే ముందు పుస్తకం తెరవాలి. ఎన్ని గంటలు వేశారు, ఏ జాతి పడింది, బరువెంత, నీటి వేడి ఎంత, వదిలినప్పుడు చేప నిటారుగా ఈదిందా, ఒరిగిందా అన్నవి అందులో ఉండాలి. ఏమీ పడని రోజు కూడా గంటలు రాయాలి, లేకపోతే భాగహారం కుదరదు. నీళ్లు బాగా వేడెక్కిన నెలల్లో గాలం ముట్టకూడదు, పుట్టివాళ్లకు ఆ నెలల కూలి ముందే లెక్కకట్టి ఇవ్వాలి. బయటి హేచరీ పిల్లల్ని ఏ సంబరానికీ నదిలో వదలకూడదు. పుస్తకం రాసే పని కంప్లి, సిరుగుప్ప రేవుల్లో పుట్టి నడిపేవాళ్లదే కావాలి, దానికి వాళ్లకు జీతం ఉండాలి.