కరెంటు బండియా, డీసెలు బండియా?

మన సంఘమువారు సరకు బండి నొకదానిని కొనవలెనని తలపెట్టిన నాటినుండియు, మమ్ము చూచిన ప్రతి సభ్యుడును ఒకే ప్రశ్న నడుగుచున్నాడు. "అయ్యా, కరెంటు బండి కొందుమా, డీసెలు బండి కొందుమా?" యువకులు మొదటిదే మేలనుచున్నారు. పెద్దలు ఏండ్లతరబడి డీసెలు ఇంజనులతో బావుల నీరు తోడినవారగుటచే ఎఱిగిన యంత్రమును విడువ నొల్లకున్నారు. రెండును కలిసిన హైబ్రిడ్ వాహనమని మఱియొకటి కలదని విన్నవారు దానిని గూర్చియు విచారించుచున్నారు. సభ్యుల వాటాధనమును, బ్యాంకు అప్పును కలిపి కొను వస్తువు గనుక ఈ సంగతిని నిదానముగా చూడవలసియున్నది.

ఏ బండి మంచిది అని యడిగినచో మాయొద్ద ప్రత్యుత్తరము లేదు. ఎద్దు మంచిదా, దున్నపోతు మంచిదా అని ఎవరైన నడిగినచో, మాగాణి దమ్ముకా, మెట్ట దుక్కికా అని మనము ఎదురు ప్రశ్న వేయుదుము గదా. బండి విషయమునను అంతియే. దినమునకు ఎంత దూరము పోవును, ఎంత బరువు మోయును, రాత్రి ఎచ్చట నిలుచును అను మూడు సంగతులు తెలియక చేయు బేరము గ్రుడ్డిబేరము.

బండ్ల లోపలి సంగతి కొంచెము చూతము. ఒక లీటరు డీసెలులో సుమారు 10 యూనిట్ల శక్తి అణగియున్నది. మన ఇంటి మీటరు లెక్కించు యూనిటే యిది. ఇంజను ఆ పదింటిలో రెండున్నర మూడు యూనిట్లను మాత్రమే చక్రములకు అందించును. తక్కినదంతయు వేడియై రేడియేటరు నుండియు, పొగగొట్టము నుండియు గాలిలో కలిసిపోవును. సంతవాకిట బండి ఆగియున్నప్పుడు సైతము ఇంజను నూనె త్రాగుచునే యుండును. విద్యుత్తు మోటారు అట్టిది గాదు. బ్యాటరీనుండి వచ్చు శక్తిలో నూటికి ఎనుబది పాళ్ళకు పైగా చక్రములకు చేరును. బండి నిలిచినచో మోటారును నిలుచును. పల్లమునకు దిగునప్పుడు అదే మోటారు డైనమోగా మారి కొంత శక్తిని బ్యాటరీకి తిరిగి యిచ్చును. భాకరాపేట ఘాటు దిగు బండి ఈ విధముగా కొంత సంపాదించుకొనును. అయితే ఎక్కునప్పుడు వ్యయమైనదంతయు తిరిగి రాదు.

ఇంత పొదుపరి యంత్రమునకు లోపమెక్కడ? బ్యాటరీలో. 2005వ సంవత్సరమున టాటావారు ఏస్ అను చిన్న బండిని విడుదల చేసిరి. "చోటా హాథీ" యని జనులు పిలుచు నా బండి మన యూళ్ళలో ఎంత వ్యాపించినదో చెప్పనక్కఱలేదు. 2022లో ఆ కంపెనీవారే విద్యుత్తు ఏసును వెలువరించిరి. దాని బ్యాటరీ 21.3 యూనిట్లు పట్టును. అనగా, ఒకటిన్నర రెండు క్వింటాళ్ళు తూగు నంత పెద్ద పెట్టెలో ఉన్న శక్తి, చేతిసంచిలో పట్టు రెండు లీటర్ల డీసెలులోని శక్తికి సమానము. మోటారు దుబారా చేయదు గనుకనే ఆ కొంచెముతో ఆఱేడు లీటర్ల డీసెలు పని జరుగుచున్నది.

ఆ బండికి మోయదగిన బరువు 600 కిలోలనియు, ఒక నిండు చార్జితో పోవు దూరము 154 కిలోమీటర్లనియు ప్రకటించిరి. 2024లో టన్ను బరువు మోయు తరహా కూడ వచ్చినది. ఈ దూరపు సంఖ్యలు పరీక్షలో తేలినవి, అసత్యములు గావు. కాని పరీక్షలో మన యూరి గుంటలు లేవు, మన యెక్కుడులు లేవు. 25 కిలోల టమోటా పెట్టెలు 24 పేర్చినచో 600 కిలోలు నిండును. మనవారు ఇరువదినాల్గింటితో ఊరకుందురా? కాయ మాగుచుండగా ముప్పది పెట్టెలెత్తి, పైన ఇద్దఱు కూలీలను కూర్చుండబెట్టుట మేము ఎఱుగని సంగతి గాదు. కావున కాగితముపై నున్న దూరములో మూడింట రెండు వంతులనే, అనగా సుమారు నూఱు కిలోమీటర్లనే నమ్మవలెనని మా యభిప్రాయము. అమెరికాలో ఫోర్డువారి ఎఫ్-150 లైట్నింగ్ అను విద్యుత్తు ట్రక్కు 2022లో అమ్మకమునకు వచ్చినది. దాని బ్యాటరీ మనము చెప్పిన దానికి నాలుగు రెట్లకు మించినది. అయినను వెనుక బరువైన ట్రెయిలరు తగిలించినచో దాని దూరము సుమారు సగమునకు పడిపోయినదని వాడినవారు కనుగొనిరి.

ఇక రూపాయల లెక్క. ఇది కేవలము ఉదాహరణ. ధరలు మారినచో మీరే మార్చుకొనుడు. డీసెలు లీటరు 97 రూపాయలనియు, బండి లీటరునకు 15 కిలోమీటర్లు పోవుననియు అనుకొందము. కరెంటు యూనిటు 8 రూపాయలనియు, యూనిటునకు 5 కిలోమీటర్లనియు, చార్జి చేయునప్పుడు పదింట ఒక వంతునకు పైగా నష్టమగుననియు అనుకొందము. విద్యుత్తు బండి డీసెలు బండికంటె 3 లక్షలు అధికమనియు, ఆ మొత్తమునకు నూటికి పది చొప్పున ఏటికి 30,000 రూపాయలు వడ్డీ యనియు పెట్టుదము.

దినమునకు 80 కిలోమీటర్లు తిరిగినచో డీసెలునకు సుమారు 517 రూపాయలు, కరెంటునకు సుమారు 144 రూపాయలు. ఏటికి 300 దినములు తిరిగినచో మిగులు లక్షా పండ్రెండు వేలు. వడ్డీ పోగా 82,000 నిలుచును. నాలుగేండ్ల లోపల అధికధర తీరిపోవును. ఇంజను నూనె, ఫిల్టర్లు మున్నగువాని ఖర్చు తప్పుట దీనికి అదనము.

అదే బండి దినమునకు 25 కిలోమీటర్లే తిరిగినచో? మిగులు ఏటికి 35,000. వడ్డీ 30,000. చేతికి దక్కునది అయిదు వేలు. ఈ లెక్కన అధికధర తీరుటకు అఱువదియేండ్లు కావలెను. మన మనుమలు వచ్చి తీర్పవలసినదే.

సభ్యులలో అనేకులు "తక్కువ తిరుగుదుము గనుక కరెంటు బండి చాలును" అనుచుండుట మేము విన్నాము. మెల్లగాను, కొంచెముగాను తిరుగువానికి చిన్న యంత్రము చాలుననుట సహజమైన తలంపే. కాని లెక్క దానికి విరుద్ధముగా నున్నది. విద్యుత్తు బండిలో సొమ్మంతయు మొదటనే పెట్టుదుము. తిరిగినకొలదియు అది మనకు తిరిగి వచ్చును. కొట్టములో నిలిపిన బండి మేత తినకున్నను వడ్డీ తినును. అట్లని దినమునకు నూఱు దాటి తిప్పుదమన్నచో నడుమ చార్జికై ఆగవలసివచ్చును. నలుబది మొదలు తొంబది కిలోమీటర్ల వఱకును, ఎల్లప్పుడును ఒకే దారిని, సాయంకాలమునకు ఇల్లు చేరు బండికే ఇది తగును.

ఇంగ్లండు దేశమున పూర్వము పాలవాండ్రు దీనిని చక్కగా గ్రహించిరి. గడచిన శతాబ్దమున అచ్చట వేలకొలది విద్యుత్తు బండ్లు తెల్లవారుజామున ఇంటింటికిని పాలసీసాలు చేర్చుచుండెను. వానివి సీసపు బ్యాటరీలే, వేగము గుఱ్ఱపుబండికి కొంచెము హెచ్చు. అయినను దారి చిన్నది, నిత్యము ఒకటే, వాకిలి వాకిలికి ఆగవలసినది. రాత్రియంతయు బండి పాకలో చార్జియగుచుండెను. జనులు అంగళ్ళలోనే పాలు కొనుట మొదలిడిన పిమ్మట ఆ బండ్లు తగ్గిపోయెను గాని, యంత్రము చెడ్డదై కాదు.

మా పొరపాటు నొకదానిని దాచక చెప్పవలెను. 2023వ సంవత్సరమున పొరుగూరి సంఘమువారికి విద్యుత్తు బండిని నెలసరి బాడుగకు తీసికొనుడని మేమే సలహా యిచ్చితిమి. దూరము సరిపోయినది, బరువు సరిపోయినది. జూలై నెలలో ఒక రాత్రి గాలివానకు తీగ తెగి తెల్లవారువఱకు కరెంటు రాలేదు. ఉదయము బండిలో మూడవ వంతు చార్జి కూడ లేదు. టమోటా కిలో నూఱు రూపాయలు దాటి పలుకుచున్న దినములవి. ఇరువదినాలుగు పెట్టెలనగా అఱువది వేల రూపాయలకు తక్కువ గాని సరకు. తెలిసినవారి డీసెలు బండిని బతిమాలి తెచ్చి మదనపల్లె మార్కెటు చేరుసరికి వేలము ముగియనున్నది. వచ్చిన ధరకు ఇచ్చివేసిరి. బండిలో దోషము లేదు. రాత్రి కరెంటు పోయినచో ఏమి చేయుదురని మేము అడుగకపోవుట దోషము. ఆ సరకులో సగము ఒక విధవరాలి యెకరము పొలముదని తరువాత తెలిసినది. అటుపిమ్మట, పట్టణములో చార్జి చేయు చోటు ఎంత దూరమున నున్నది, పిలిచిన గంటలో వచ్చు బాడుగ బండి యెవరిది అను రెండును వ్రాసి పెట్టుకొననిదే మేము ఈ సలహా నీయుట లేదు.

చార్జి సంగతి గూడ వినుడు. 15 ఆంపియర్ల సాకెట్టు గంటకు మూడు యూనిట్లకు మించి యీయదు. 21 యూనిట్లు నిండుటకు ఏడు గంటలు పట్టును. వ్యవసాయమునకు ప్రభుత్వమువారిచ్చు ఉచిత కరెంటుతో మోటారు కొట్టములోనే చార్జి చేయుదమని కొందఱు గుసగుసలాడుచున్నారు. ఇది కూడదు. ఒక పనికి ఇచ్చిన కరెంటును వేఱొక పనికి వాడుట 2003వ సంవత్సరపు విద్యుచ్ఛక్తి చట్టము 126వ సెక్షను క్రింద అనధికార వాడుక. దానికి రెట్టింపు రేటున వసూలు చేయుదురు. సంఘపు గోడౌనునకు ప్రత్యేక మీటరు పెట్టించుట మేలు.

బ్యాటరీకి పరమశత్రువు వేడిమి. పలనాటిలో రెంటచింతల వంటి చోట వేసవి యెట్లుండునో అందఱెఱిగినదే. ఎండలో నడిచివచ్చిన బండిని వెంటనే చార్జికి తగిలింపక, నీడను చల్లార్చి రాత్రి తగిలింపవలెను. కొనునప్పుడు బ్యాటరీకి ఎన్ని యేండ్ల హామీ, ఎన్ని కిలోమీటర్ల హామీ, ఎంత శక్తి తగ్గినచో మార్చియిత్తురు అను మూడును కాగితముపై నుండవలెను. నోటిమాట పనికిరాదు.

ఇక హైబ్రిడ్. ఈ పేరు మనకు విత్తనముల మూలమున పరిచితమే. ఇందు ఇంజనును, మోటారును రెండును ఉండును. 1997లో జపానులో టొయోటావారు ప్రియస్ అను కారుతో దీనిని వ్యాప్తికి తెచ్చిరి. ఆగుచు కదలుచు పోవు పట్టణపు వీధులలో ఇది నూనెను బాగుగా ఆదా చేయును. బరువుతో ఎడతెగక పోవు రాజమార్గమున ఆ లాభము మిక్కిలి తగ్గిపోవును. మనకు పనికివచ్చు చిన్న సరకు బండ్లలో ఇట్టివి మన దేశమున విరివిగా దొరకుట లేదు. పెట్రోలుతోను, సి.ఎన్.జి.తోను నడచు బండిని కొందఱు హైబ్రిడ్ అని పొరబడుచున్నారు. అది రెండు మేతలు తిను ఒకే యెద్దు. దగ్గఱలో గ్యాసు బంకు ఉన్నవారికి అదియు చౌకయే.

పొగ విషయమై ఒక్క మాట. విద్యుత్తు బండి మన వీధిలో పొగ విడువదు, సత్యమే. మన దేశమున కరెంటు చాలవఱకు బొగ్గునుండియే పుట్టుచున్నది గనుక ఆ పొగ వేఱొక యూర లేచుచున్నది. మొత్తముమీద లాభము కొంచెమే. గోడౌను కప్పుపై సౌరఫలకములు పెట్టినచో సంగతి మాఱును.

మన సంఘము పనులు రెండు విధములు. పల్లెలనుండి మదనపల్లె మార్కెటునకు దినదినము పోవు పని యొకటి. ధర పలికినప్పుడు సుమారు 250 కిలోమీటర్ల దూరమున నున్న చెన్నపట్టణమునకు పోవు పని యొకటి. రెండవదానికి విద్యుత్తు బండిని తలపెట్టవలదు. అప్పటికి డీసెలు లారీని బాడుగకు పిలుచుటయే చౌక. మొదటిదానికి తగునా, తగదా అనునది దూరముపై నాధారపడియున్నది. ఆ దూరమును ఊహించి చెప్పువారే గాని కొలిచి చెప్పినవారు ఇంతవఱకు మాకు కానరాలేదు.

కావున ముప్పది దినములు ఒక పుస్తకము పెట్టుడు. ఇప్పుడు బాడుగకు వచ్చుచున్న బండి ఏ యూరినుండి బయలుదేరెను, మీటరుపై ఎన్ని కిలోమీటర్లు తిరిగెను, ఎన్ని పెట్టెలు మోసెను, ఎన్ని గంటలకు తిరిగి చేరెను, ఆ రాత్రి కరెంటు ఎన్ని గంటలు పోయెను అని దినమునకు ఒక వరుస చొప్పున వ్రాయవలెను. చదువు రాని డ్రైవరైనచో వాని కొమారుడు వ్రాయవచ్చును. సర్వసభ్య సమావేశమునకు వారము ముందుగా ఆ పుస్తకమును కార్యదర్శిగారికి అందజేసినచో మేమును వచ్చి సభ్యులయెదుటనే కూడిక వేయుదుము.